వెనక నిలబడేవాడు

ఆ ఫ్యాక్టరీ కాసేపు ఆగినా యజమానులకు నిద్రపట్టదు. అందుకే కరెంటు పారుతుండగానే ప్యానెళ్ల తలుపులు తీసి, వేడిని చూపించే కెమెరాతో లోపలి కొలతలు తీసుకోవాలి. ఆ పని నాది. ఒంటికి మందపాటి సూటు, తలకు ముసుగు. మెడ తిప్పడానికి వీలుండదు. అందుకని నేలమీద అంటించిన ఎర్ర టేపుకి అవతల ఇంకో మనిషి నిలబడతాడు. నేను "ఉన్నావా?" అంటే "ఉన్నాను" అనాలి. అంతవరకే. ఏం జరిగినా టేపు దాటకూడదు. నాకు షాక్ కొట్టినా సరే, పొడుగాటి కర్రకొక్కెంతో లాగాలి తప్ప చెయ్యి వేయకూడదు.

అంతకుముందు ఆ ప్యానెళ్ల గదిలో నిలబడిన ముసలాయన చెయ్యి వేశాడు. తర్వాత గోడకి కొత్తగా సున్నం కొట్టారు.

ఆయన చోట్లోకి నా బావమరిది వచ్చాడు. వాడికి ఉద్యోగం ఇప్పించమని నా భార్య నా ప్రాణం తోడేసింది. పొద్దున గుమ్మంలో మాత్రం, "వాణ్ణి తిరిగి ఇంటికి తెచ్చే పూచీ మీది" అంది.

"నిలబడ్డానిక్కూడా జీతమా బావా? ఈ ముక్క ముందే చెబితే చదువు మానేసేవాణ్ణి కదా!"

"నోరు మూసి కళ్లు తెరువు."

ప్యానెల్ తలుపు తీశాను. లోపల సన్నటి హోరు. వేడెక్కిన రబ్బరు వాసన.

"ఉన్నావా?"

"ఉన్నాను బావా."

లోపలి రాగిపట్టీ కొత్తది, అద్దంలా మెరుస్తోంది. అలాంటి లోహం మనిషి ఒంటి వేడిని కూడా తిప్పి చూపిస్తుంది. కెమెరా తెరమీద నా ఆకారం నారింజ రంగులో కనబడింది. నా భుజం వెనక ఇంకొకటి. నీలంగా... గోడంత చల్లగా.

రబ్బరు వాసన పోయింది. కాలిన వెంట్రుకల వాసన.

"టేపు దాటావా?" అన్నాను.

"లేదు బావా." చెవి పక్కనే.

అప్పుడు గది తలుపు చప్పుడైంది. "బావా, కెమెరాకి ఇంకో బ్యాటరీ తెచ్చా, నువ్వడక్కముందే! ఎవరితో మాట్లాడుతున్నావ్?"

చెవి పక్కనుంచి ఒక కేక లేచింది. అచ్చం నా గొంతే.

"పట్టేసింది! లాగరా!"

"రావద్దు" అన్నాను. ముసుగు ఆ మాట మింగేసింది. పరుగు... నా నడుము చుట్టూ రెండు చేతులు. ఇద్దరం తూలాం. వాడి మోచెయ్యి లోపలికి పోయింది. తెల్లటి వెలుగు.

నాకు సూటు ఉంది. వాడికి చొక్కా.

గోడకి మళ్లీ సున్నం కొట్టారు. నా భార్య ఏడవలేదు. "ఆ గది ఒక్కసారి చూపించండి" అని రోజూ అడిగేది. చూపించలేదు. కొలతలు సగంలో ఆగాయని మళ్లీ నన్నే పంపారు. ఆమె నిద్రలో ఉండగానే చెప్పకుండా బయల్దేరాను.

వెనక కొత్త మనిషి.

"ఉన్నావా?"

"ఉన్నాను సార్."

తర్వాత, చాలా దగ్గరగా... "ఉన్నాను బావా."

తెరమీద నా వెనక రెండు నీలం ఆకారాలు. వాటి మధ్య మూడోది, పొట్టిగా, జుట్టు ముడితో.

"అక్క కూడా వచ్చింది బావా..."

అది ఇంకా నారింజ రంగులోనే ఉంది. అంచుల నుంచి, మెల్లగా, నీలంగా మారుతోంది.