ఎనిమిది స్క్రూల చెయ్యి

ఎముక విరిగిన చప్పుడే హేరిమ్‌కి ముందు వినిపించింది. మున్‌సోక్ కేక ఆ తర్వాత.

కొరియాలోని తోంగ్యోంగ్ రేవు ఉత్సవంలో చేతికుస్తీ పందెం అది. హేరిమ్‌ది షెడ్డులో ఏడేళ్లుగా ఆల్చిప్పలు ఒలిచిన చెయ్యి. మున్‌సోక్‌కి బజారు మలుపులో క్షౌరశాల ఉంది. కత్తెర, దువ్వెన తప్ప బరువైనదేదీ ఎత్తి ఎరగడు.

"కాస్త మెల్లగా ఓడించమంటారా?" అన్నాడు కూర్చుంటూనే.

"మీ ఇష్టం. ఏడవకుండా ఉంటే చాలు."

ఓడిపోతున్నానని తెలిసినా అతను ఒప్పుకోలేదు. భుజం తిప్పి ఒళ్లంతా చేతిమీద వేశాడు. మోచేతికి పైన ఎముక మెలితిరిగి విరిగింది.

మర్నాడు ఆపరేషన్. విరిగిన ముక్కలను కలిపి, పైన లోహపు పలక పెట్టి, ఎనిమిది స్క్రూలు బిగించారు.

"ఎముక అతుక్కుంటుంది," అన్నాడు డాక్టరు. "దాని పక్కనే పోయే నరం నలిగింది. తెగలేదు, కళ్లారా చూశాను. కానీ మణికట్టు లేవడానికి మూణ్ణెల్లు పట్టొచ్చు, ఆర్నెల్లు పట్టొచ్చు."

"అసలు లేవకపోతే?" అడిగింది హేరిమ్.

"అప్పుడు చూద్దాం."

మున్‌సోక్ కుడిచెయ్యి వాడిన కాడలా వేలాడుతోంది. మంగలికి ఆ చెయ్యే బతుకు.

వారం తిరక్కుండా ఆమె క్షౌరశాలకు వచ్చింది. పొద్దున షెడ్డు, మధ్యాహ్నం ఇక్కడ. అతను వెనక నిలబడి చెబుతాడు, ఆమె కత్తిరిస్తుంది.

"అది జుట్టండీ, ఆల్చిప్ప కాదు. అలా పొడవకండి!"

"ఆల్చిప్పలే నయం. నోరు మూసుకుని ఉంటాయి."

కుర్చీలోని ముసలాయన అద్దంలో తన చెవులు రెండూ తడిమి చూసుకున్నాడు. "మీ పోట్లాట బాగుంది గానీ, నా తలమీద వద్దర్రా!"

క్రమంగా నేర్చుకుంది. శీతాకాలం సగానికి వచ్చేసరికి ముసలాళ్లు ఆమె కోసమే వచ్చేవారు. కొట్టు కట్టేసే ముందు అతను రోజూ మణికట్టు ఎత్తబోయేవాడు. అది లేచేది కాదు. ఆమె చూడనట్టు తువాళ్లు మడతపెట్టేది.

ఒకరోజు అతను అన్నాడు, "రేపట్నించి రాకండి."

"ఏం? నిన్న కత్తిరించింది బాలేదా?"

"బాగుంది. కానీ రోజూ ఈ చెయ్యి చూసి మీ మొహం మాడిపోతోంది. ఒళ్లు తిప్పింది నేను. తప్పు నాది. చేసిన పాపం కడుక్కోవడానికి వచ్చే మనిషి కోసం ఎదురుచూడటం నావల్ల కాదు."

ఆమె ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించి వెళ్లిపోయింది. 'ఎదురుచూడటం' అన్న మాట ఇంటికి చేరాక గానీ తలకెక్కలేదు. మర్నాడు బజారు మలుపుదాకా వెళ్లింది. రావద్దన్నాడు కదా అని వెనక్కి తిరిగింది.

మార్చిలో ఒకనాడు షెడ్డు గుమ్మంలో మున్‌సోక్ నిలబడ్డాడు. చేతి పట్టీ విప్పాడు. మణికట్టు వణుకుతూ, ఆగుతూ, మెల్లగా లేచింది.

"బొటనవేలు ఇంకా మాట వినట్లేదు," అన్నాడు.

హేరిమ్ కత్తి కింద పెట్టింది. "ఎప్పట్నించి?"

"ఇవాళ పొద్దున. డాక్టరుకి చూపిద్దామనే బయల్దేరాను. కాళ్లు ఇటొచ్చాయి."

"బాగయిపోయిందిగా. ఇంక నాతో పనేముంది?"

"పనేం లేదు." అతను గొంతు సవరించుకున్నాడు. "పనేం లేకపోయినా వస్తారా?"

షెడ్డులో కత్తుల చప్పుడు ఆగిపోయింది. పక్కబల్ల పెద్దమ్మ ఆమెను మోచేత్తో పొడిచింది.

"ఆదివారం మాకు సెలవు," అంది హేరిమ్. "వస్తా. ముందు మీ జుట్టు సరిచేస్తా. ఎవరు కత్తిరించారో గానీ ఘోరంగా ఉంది."

"నేనే. ఎడంచేత్తో."

ఆమె నవ్వుతూ తడి గ్లవ్ తీసేసి అతని చేతిని అందుకుంది. ఆ వేళ్లకు పట్టు ఇంకా పూర్తిగా రాలేదు. ఆమే గట్టిగా పట్టుకుంది.