నిప్పుల అంచున జోళ్ళు

పండుగకు ముందురోజు పొద్దున్నే కాఫీ పొంగి పొయ్యి మీద పడింది. స్మారో చూపు గిన్నె మీద ఉంటే కదా. వంటింటి గడప దగ్గర కూతురు వాయా వట్టి కాళ్ళతో నిలబడి జుట్టు ముడేసుకుంటోంది. సిమెంటు నేల మీద ఆ పాదాలు తెల్లగా, మడమ దగ్గర నీలి నరం కనబడేంత పల్చగా ఉన్నాయి. చలికాలం నుంచీ స్మారోకి అదే పనైపోయింది. పిల్ల మొహం కన్నా ముందు పాదాలు చూస్తోంది.

“జోళ్ళు వేసుకోవే, నేల చల్లగా ఉంది,” అంది.

“మే నెలలో చలేంటమ్మా.”

“వద్దులే, వట్టి కాళ్ళతోనే ఉండనీ,” అంది మూల కుర్చీలోంచి అత్తగారు దోమ్నా. “రేపటికి నేలతో అలవాటు పడాలి కదా.”

స్మారో పొయ్యి తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది.

దోమ్నాది సరిహద్దు అవతలి పాత థ్రేస్ ప్రాంతం నుంచి పునీతుల పటాలను వీపున మోసుకుని వలస వచ్చినవాళ్ళ వంశం. పునీత కాన్‌స్టాంటిన్, ఆయన తల్లి హెలెన్‌ల పండుగ నాటి సాయంత్రం వాళ్ళు ఆ పటాలు చేతపట్టుకుని నిప్పుల మీద వట్టి కాళ్ళతో ఆడతారు. అందరూ కాదు, పునీతుడు పిలిచినవాళ్ళే. పిలుపు వచ్చినవాళ్ళకి దారి తెరుచుకుందంటారు. వాళ్ళ పాదాలు కాలవు. పిలుపు లేకుండా అడుగుపెట్టినవాళ్ళ గతి ఏమిటో వినకూడదనుకుంటూనే స్మారో ఊళ్ళో ఒక్కరినీ వదలకుండా అడిగి తెలుసుకుంది. విన్నాక మూడు పూటలు అన్నం సహించలేదు.

ఆమె కొండ అవతలి పల్లె పిల్ల. పుట్టింటి వైపు నిప్పంటే రొట్టె కాల్చుకోవడానికే. కాపురానికి వచ్చిన ఏడాది మొదటిసారి అత్తగారు నిప్పుల్లో తిరగడం చూసి దారి పక్కన వాంతి చేసుకుంది. “నీకివి అర్థం కావులే,” అంది అప్పుడు దోమ్నా. ఆ మాటలో కోపమేమీ లేదు. కానీ ఇన్నేళ్ళలోనూ అది మారలేదు. ప్రతి పండుగకీ స్మారో జోళ్ళు వేసుకుని జనం వెనకాల నిలబడి, అత్తగారు క్షేమంగా బయటికి వస్తే చాలని మొక్కుకునేది.

ఇప్పుడు దోమ్నా మోకాళ్ళు పనికిరాకుండా పోయాయి. ఆమె పటానికి కట్టిన గంటలు మోగకుండా రెండు పండుగలు గడిచిపోయాయి. కొడుకు స్టెర్గియోస్‌కి పిలుపు రాలేదు, రావాలని అతను కోరుకోనూ లేదు. ఇక మిగిలింది మనవరాలే.

జనవరిలో చిన్న పండుగ జరిగింది. పటాలుండే ఇంట్లో డోలూ, లైరా తీగలూ మోగుతుంటే, అందరికీ శనగలు పంచుతున్న వాయా ఒక్కసారిగా వణికిపోయింది. పళ్ళెం కింద పడింది. పిల్ల రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎందుకని అడిగితే తెలీదంది. దోమ్నా లేచి, తన ఎర్ర రుమాలు తీసి మనవరాలి భుజాల మీద కప్పింది. ఆ గదిలో ముసలివాళ్ళంతా శిలువ గుర్తు వేసుకున్నారు. శనగలు ఏరుతున్న స్మారో తల పైకెత్తేసరికి అంతా నిర్ణయమైపోయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో తలో మాట. దోమ్నా పిలుపంది. స్టెర్గియోస్ నరాల బలహీనత అని పట్నం తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాడు, ఆయన మాత్రలు రాశాడు. పట్నం చర్చిలో పాదిరిగారు నిప్పుల ఆట దేవుడికి ఇష్టం లేని పని అన్నారు. ఎవరు చెప్తే వాళ్ళది నిజమేననిపించేది స్మారోకి. పిల్లకి మాత్ర వేసేది, చర్చిలో కొవ్వొత్తి వెలిగించేది, ఇంటికొచ్చి అత్తగారి పటం ముందు దీపంలో నూనె పోసేది. ఇవి చాలవన్నట్టు కాలిన గాయాలకు రాసే మందు కొంటూనే ఉంది. వంటింట్లో ఒక గొట్టం, పరుపు కింద ఒకటి, కోటు జేబులో ఒకటి. వాయా పనిచేసే మందుల కొట్టు యజమానురాలు ఫానీ ఒకరోజు అడిగేసింది కూడా, ఇంట్లో ఆసుపత్రి గాని పెడుతున్నారా అని.

కాఫీ పొంగిన రోజు మధ్యాహ్నం, ఎవరికీ చెప్పకుండా, స్మారో లాంబ్రోస్ తాత దగ్గరికి వెళ్ళింది. నిప్పుల ఆటకు పెద్ద ఆయనే. మైదానంలో ఓక్ మొద్దులు పేర్పిస్తున్నాడు. ఆ మొద్దులెంత లావున్నాయో చూసేసరికి ఆమె చెప్పాలనుకున్నదంతా మరిచిపోయింది. మా పిల్లని ఆపండి తాతా, అని మాత్రం అనగలిగింది.

ఆయన టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. “నేను ఎవర్నీ లోపలికి పంపనమ్మా. ఎవర్నీ ఆపను కూడా. దారి తెరుచుకుంటే వెళ్తారు.”

“తెరుచుకోలేదని ముందుగా ఎలా తెలుస్తుంది?”

“ఎవరిది వాళ్ళకే తెలియాలి. నాకు తెలీదు, మీ అత్తకీ తెలీదు,” అని ఆయన మొద్దుల వైపు తిరిగాడు.

దారి పొడుగునా స్మారో ఆ మాట నెమరేసుకుంటూ వచ్చింది. మరి పిల్లకీ తెలియకపోతే? ఆ వణుకు పిలుపే అయితే, అడ్డుపడిన పాపం తనది. కాకపోతే, చూస్తూ ఊరుకున్న పాపం తనది. ఎటు తిరిగినా గోడే తగిలింది. ఇంటికి రాగానే ఫానీకి ఫోన్ చేసి, రేపు సరుకు లెక్క ఉందని వంక పెట్టి పిల్లని పనికి పిలవమని బతిమాలింది.

మర్నాడు పొద్దున అందరూ బల్ల దగ్గర కూర్చుని జున్ను రొట్టె తింటుండగా ఫోన్ మోగింది. స్మారో లేచేలోపే, పక్కనే ఉన్న దోమ్నా ఎత్తింది. పండుగ పలకరింపులు అయ్యాక అత్తగారి మొహం మెల్లగా బిగుసుకుపోవడం స్మారో చూసింది. దోమ్నా ఫోన్ పెట్టేసింది.

“ఫానీ నన్ను నువ్వనుకుంది. నువ్వు చెప్పమన్న అబద్ధం ఏమిటో మర్చిపోయిందట,” అంది కోడలితో. “పిల్ల కోసం కొట్టు వ్యాన్ పంపాలా, బస్సులో వస్తుందా అని అడుగుతోంది.”

“సరుకు లెక్క చూసుకోవాలంటే...” అంటూ స్మారో నీళ్ళు నమిలింది.

“పునీతుడి పండుగ నాడా? నా ఇంట్లో ఉండి, నా పటం ముందు దీపం పెడుతూ, వెనకనుంచి తలుపు మూస్తున్నావా?”

“మూస్తానత్తయ్యా,” అంది స్మారో. “మీకది తలుపు. నాకు నిప్పు. మీరు పటాన్ని ఎవరి చేతిలో పెట్టాలా అని చూస్తున్నారు. అది కాళ్ళ మీద నిలబడే పిల్ల, పటానికి వేసే పిడి కాదు.”

దోమ్నా చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో స్మారో ఆవిడకు ఎదురు చెప్పింది లేదు.

“సాయంత్రం అందరం కారెక్కి సముద్రానికి పోదాం,” అన్నాడు స్టెర్గియోస్ రొట్టె నములుతూనే. “నిప్పూ ఉండదు, గొడవా ఉండదు.” ఎవరూ నవ్వలేదు. అతనూ తల దించుకున్నాడు.

అప్పటిదాకా మాట్లాడని వాయా తల్లి వైపు తిరిగింది. “అమ్మా, నాకేమైందనుకుంటున్నావు నువ్వు?”

“నాకు తెలీదే.”

“హమ్మయ్య. నాకు తప్ప అందరికీ తెలుసనుకున్నాను.” పిల్ల నవ్వబోయి ఆగింది. “డోలు మోగితే వణుకొస్తోంది. అది పిలుపో, భయమో, నానమ్మ నన్ను చూసే చూపో నాకు తెలీదు. ఇక్కడ కూర్చుంటే తెలిసేదీ కాదు. నేను వెళ్తాను. దాని దగ్గరికి వెళ్ళి నిలబడి చూస్తాను. నన్ను ఎవరూ తొయ్యొద్దు, లాగొద్దు.”

సాయంత్రం బయల్దేరేముందు దోమ్నా తన పటాన్ని మనవరాలి చేతికిచ్చింది.

పొద్దు వాలేసరికి మొద్దులు కూలి ఎర్రటి కుప్పయ్యాయి. పొడుగాటి కర్రలతో నిప్పుల్ని నేల మీద గుండ్రంగా పరిచారు. వేడికి జనం వెనక్కి జరిగారు. డోలు మొదట దూరంగా వినిపించి, దగ్గరై, చివరికి స్మారో పక్కటెముకల్లో మోగింది. పటాలు పట్టుకున్నవాళ్ళు గంటలు మోగిస్తూ, నిట్టూరుస్తూ వచ్చారు. లాంబ్రోస్ తాత ముందుగా నిప్పుల్ని దాటాడు. ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్ళు, తర్వాత పాలు పోసే ఆయన. వాళ్ళ అడుగుల కింద నిప్పురవ్వలు లేచి ఆరిపోతున్నాయి.

వాయా అంచు దగ్గర నిలబడింది. భుజాల మీద ఎర్ర రుమాలు, చేతుల్లో నానమ్మ పటం. కర్ర ఊతంతో దోమ్నా ఆమె పక్కకొచ్చి నిలబడింది. జనం వెనక నుంచి స్మారోకి కనిపించినవి పాదాలే. కుడి పాదం కొద్దిగా లేచింది. అంతే, ఆ తర్వాత స్మారోకి జనం గుర్తులేదు, తోసుకుంటూ వచ్చిన సంగతి గుర్తులేదు. చెవుల్లో డోలు కూడా లేదు.

ఆ పాదం గాల్లో ఒక్క క్షణం ఉండి, వెనక్కి, గడ్డి మీదికి దిగింది.

వాయా నానమ్మ వైపు తిరిగింది. వణకడం లేదు. “నానమ్మా, ఎవరూ పిలవట్లేదు. ఇంత దగ్గర నిలబడి విన్నాను. లోపలంతా నిశ్శబ్దంగా ఉంది. నిన్ను బాధపెడతానేమోనన్న భయమొక్కటే ఉండేది, అది కూడా ఇప్పుడు లేదు.” పటాన్ని ముద్దుపెట్టుకుని ఆవిడ చేతుల్లో పెట్టింది. రుమాలు మడిచి దాని మీద ఉంచింది. “ఊరంతా చూస్తుండగా నేను నీకోసం దొంగ అడుగు వెయ్యలేను.”

దోమ్నా మొహం పాలిపోయింది. స్మారోకి ప్రాణం లేచి రావాలి. లేచి వచ్చింది కూడా. కానీ ఆ ముసలావిడ చేతుల్లో మోగని గంటల్ని చూసేసరికి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ తను కోరుకున్నదే జరిగింది, మరి ఈ ఏడుపేమిటో అర్థం కాలేదు.

కన్నీళ్ళు దాచుకోవడానికి తల దించిన దోమ్నా అలాగే ఆగిపోయింది. చూపు కోడలి కాళ్ళ మీద పడింది.

“నీ జోళ్ళేవి?”

స్మారో కిందికి చూసుకుంది. వట్టి కాళ్ళు. బొటనవేళ్ళు నిప్పుల అంచున బూడిదలో ఉన్నాయి. ఎప్పుడు విప్పిందో, ఎక్కడ విప్పిందో తెలీదు. “ఏమో అత్తయ్యా.”

దోమ్నా గొంతు తగ్గించింది. “ఆయన పిలిచాడా నిన్ను?”

స్మారో నిజంగానే ఆలోచించింది. లోపల వెతుక్కుంది. “లేదత్తయ్యా. నన్నెవరు పిలుస్తారు? పిల్ల అడుగు వేస్తే లాక్కొద్దామని.”

“నిప్పుల్లోంచా?”

“అది అక్కడుంటే మరి అక్కణ్ణించే కదా.”

వెనక డోలు మోగుతూనే ఉంది. “ఆయన పిలిస్తేనే నేను వెళ్ళాను,” అంది దోమ్నా. “పిలవని ఏడాది భయపడి ఇంట్లో పడుకున్నాను. నువ్వు ఏ పిలుపూ లేకుండా వచ్చేశావు.” కర్ర మీద ఆనుకుని తన జోళ్ళు ఒక్కొక్కటే విప్పి, కాలితో కోడలి వైపు తోసింది. “వేసుకో. దారంతా రాళ్ళు. నా పాదాలకి అలవాటే.”

జోళ్ళు రెండు వేళ్ళు పొడుగు. వాటిని ఈడ్చుకుంటూ, ఒక చేత్తో అత్తగారినీ, ఒక చేత్తో కూతుర్నీ పట్టుకుని స్మారో ఇంటికి నడిచింది. తన జోళ్ళలో ఒకటి స్టెర్గియోస్‌కి జనం మధ్య దొరికింది. రెండోది దొరకనే లేదు.

ఇంట్లో వాయా పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పెట్టి తల్లి కాళ్ళు కడిగింది. బొటనవేలు తాకగానే స్మారో చురుక్కుమని కాలు లాక్కుంది. వేలి కింద చిన్న బొబ్బ. ఏ రవ్వ తగిలిందో ఏమో. ఆ రాత్రి ఊరంతటికీ ఆ ఒక్క పాదమే కాలింది.

దోమ్నా కళ్ళజోడు పెట్టుకుని, వంగలేక వంగి చూసింది. “ఆయన పిలవలేదని రూఢి అయింది,” అంది.

ముందు వాయా ఫక్కున నవ్వింది. తర్వాత స్మారోకి నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. దోమ్నా పక్కన కూర్చుని ఆమె తలను భుజానికి ఆనించుకుంది. పటం సంగతేమిటి అత్తయ్యా, అని అడిగింది స్మారో ముక్కు తుడుచుకుంటూ.

“దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో ఆయన చూసుకుంటాడు. నేను తొందరపడి నా అంతట నేనే పిలిచేశాను.” మనవరాలి వైపు చూడకుండా చెయ్యి చాచి ఆమె జుట్టు నిమిరింది. “అంచు దాకా వెళ్ళి నిజం చెప్పి వెనక్కి రావడం నేనెప్పుడూ చూడలేదే పిల్లా. అది నాకూ రాదేమో.”

వాయా మందు కోసం లేవబోయింది. స్మారో తన కోటు జేబులోంచి గొట్టం తీసి ఇచ్చింది.