శుక్రవారం వరసలో ఆఖరి మనిషి

నల్లమూల దగ్గర చీకటి పడ్డాక ఆగకూడదు. మంచుకొండల్లోని గ్రాట్‌ఎగ్ ఊళ్ళో ఈ మాట పిల్లల్ని కూర్చోబెట్టి ఎవరూ చెప్పరు. నడక వచ్చేసరికి అదీ వచ్చేస్తుంది.

కొండ అంచు మీంచి దిగే దారి అక్కడ ఒక్కసారిగా ఎడమకి తిరుగుతుంది. ఆ మలుపులో ఒక పాత కొయ్య ఇల్లు... ఎండకీ మంచుకీ నల్లబడిపోయి, కిటికీ తలుపులు బిగించి, తొమ్మిదేళ్ళుగా ఖాళీగా ఉంది. చలికాలం సాయంత్రాల్లో చచ్చినవాళ్ళు ఆ దారినే వరసకట్టి దిగుతారట. ఎదురుపడితే పక్కకి తప్పుకుని, తల దించుకుని నిలబడాలట.

లియాండర్‌కి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. ఆ మాటకొస్తే ఆ ఏడు అతనికి దేనిమీదా నమ్మకం మిగల్లేదు.

రోప్‌వే దగ్గర టిక్కెట్లు చూసే ఉద్యోగం వదిలేసి, గైడు పరీక్ష పాసై, శుక్రవారం వెన్నెల నడక మొదలుపెట్టాడు. సెలవలకి వచ్చినవాళ్ళ బూట్లకి, మంచులో దిగబడకుండా, వెడల్పాటి మంచుజోళ్ళు బిగించాలి. నుదుళ్ళకి దీపాలు కట్టాలి. పొద్దుగూకే వేళకి అంచు దాకా ఎక్కించి, మళ్ళీ దించి, కింద గుడిసెలో బంగాళాదుంపల మీద చీజు కరిగించి పోసి పెట్టాలి. వినడానికి ఎంత సులువు!

కష్టం నడకలో లేదు, నడిచేవాళ్ళలో ఉంది. ఒకావిడ ఒక జోడు మీద ఇంకో జోడు తొక్కుకుని, తన కాళ్ళకి తనే అడ్డంపడి, నన్నెవరు తోశారని అడుగుతుంది. ఒకాయన అడుగడుక్కీ ఆగి ఫొటో తీస్తాడు. గొంతుకి పగలంతా పని లేనట్టు మరొకాయన, ఇంకెంత దూరం, ఇంకెంత దూరం అంటూనే ఉంటాడు. లియాండర్ పళ్ళు బిగబట్టి అన్నీ ఓర్చుకున్నాడు. నల్లమూల ఒక్కటే ఓర్చుకోలేకపోయాడు.

మొదట, వరసలో ఆఖరున నడుస్తున్న జ్యూరిక్ అమ్మాయి విన్నానంది. ఖాళీ ఇంట్లోంచి గుసగుసగా ఒక గొంతు—

"వెనక్కి వచ్చేయ్... కిందకి పోవద్దు..."

తర్వాతి శుక్రవారం ఒక లెక్కల మాస్టారు విన్నాడు. అవే మాటలు. ఆపై వారం లావుపాటి బ్యాంకు మేనేజరొకడు విని, ముందున్నవాళ్ళని తోసుకుంటూ పరుగెత్తబోయి, మంచుజోళ్ళతో పరుగెత్తడం కుదరదని తెలుసుకున్నాడు. మోకాలు బెణికింది. స్ట్రెచర్ మీద కిందకి దిగుతూ దారిపొడుగునా లియాండర్‌ని తిట్టాడు.

ఎప్పుడూ వినేది ఆఖరున ఉన్నవాళ్ళే. ముందు నడిచే లియాండర్‌కి ఒక్కసారైనా వినపడలేదు. అదే అతని కడుపుమంట. దెయ్యమైతే మాత్రం నిక్షేపంలాంటి గైడు ముందుంటే, డబ్బిచ్చి వచ్చినవాళ్ళ చెవిలోనే ఊదాలా?

టూరిస్టు ఆఫీసులో ఆవిడ కాఫీ ఇచ్చి మరీ చెప్పింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే శుక్రవారం నడక పక్క లోయవాళ్ళకి ఇచ్చేస్తుందట. నన్నేమీ అనుకోవద్దంది. ఏమనుకోవాలో అతనికి బాగానే తెలుసు గానీ, పైకి అనలేదు. ఆ నడక పోతే అతనికి చలికాలం పని లేదు. రోప్‌వే దగ్గర అతని కుర్చీలో అప్పటికే ఇంకొకడు కూర్చున్నాడు.

ఇంటికొస్తే భార్య రెగూలా నవ్వు ఆపుకోలేకపోయింది.

"పాపం, దెయ్యానికైనా జాలేసినట్టుంది. నీతో పోవద్దని వాళ్ళకి చెబుతోంది."

అతను అన్నం— అదే, ఆ పూట రొట్టె— సగంలో వదిలేసి లేచిపోయాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నమే ఒక్కడూ నల్లమూలకి ఎక్కాడు. ఎవడో ఆకతాయి పని అయ్యుంటుంది, దొరికితే చెవులు మెలిపెట్టాలి అనుకున్నాడు. తలుపుకి తాళం. తాళానికి తుప్పు. గడప ముందు మంచు తెల్లగా, మెత్తగా, కిటికీ దాకా పేరుకుని ఉంది... దాని మీద ఒక్క అడుగు జాడ లేదు.

మెడ వెనక చల్లగా తగిలింది. గాలి అనుకున్నాడు. గాలి లేదు.

ఆ సాయంత్రం వరస చివరకి కావాలనే లీస్‌బెత్‌ని పెట్టాడు. ఆవిడ హాలండ్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు. రోజంతా అరిచేవాళ్ళ నోళ్ళలో చేతులు పెట్టే మనిషి, గుసగుసకి బెదరదని అతని లెక్క.

లెక్క తప్పలేదు. ఆవిడ బెదరలేదు. మలుపు దాటుతుండగా ఆగి, చేతికర్ర పైకెత్తి, మామూలుగా పిలిచింది.

"గైడుగారూ, ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఉంది. ఎవర్నో పిలుస్తోంది."

ముసలావిడ!

లియాండర్ అందర్నీ అక్కడే నిలబెట్టి ఇంటి వెనక్కి తిరిగాడు. అక్కడ... ఇంటికి ఆనుకున్న గడ్డికొట్టు తలుపు దాకా, పై పల్లె వైపు నుంచి, తొక్కి తొక్కి గట్టిపడిన కాలిబాట ఉంది. మధ్యాహ్నం వీధి తలుపు ఒక్కటే చూసి వెనుదిరిగిన తన తెలివిని తనే తిట్టుకున్నాడు. తలుపు తోశాడు.

లోపల లాంతరు సన్నగా వెలుగుతోంది. కిటికీ చెక్కల సందుకి మొహం ఆనించి, మగవాళ్ళ కోటు తొడుక్కుని, క్రెసెంజ్ మామ్మ. పై పల్లెలో ఒంటరిగా ఉండే మనిషి. ఎనభై దాటాయి, చలికాలం గడప దిగదని ఊరంతా అనుకునే మామ్మ.

"మామ్మా... నా పొట్ట కొడుతున్నది నువ్వా?"

ఆమె వేలు పెదాల మీద పెట్టుకుంది.

"మెల్లగా. వింటాడు."

అతను మెల్లగా మాట్లాడే స్థితిలో లేడు. ఆఫీసావిడ మాటలూ, బెణికిన మోకాలూ, రోప్‌వే కుర్చీ, రెగూలా నవ్వూ అన్నీ కక్కేశాడు. బొమ్మ విరిగిందని ఏడ్చే పిల్లాడి గోడు విన్నట్టు ఆమె ఓపిగ్గా వింది. వింటూనే సందులోంచి దారిని చూస్తోంది.

అప్పుడు అతనికి విషయం అర్థమైందనిపించింది. చీకట్లో వరసగా దీపాలు, నెమ్మదిగా ఈడ్చే అడుగులు... పాపం, ముసలి కళ్ళు, చచ్చినవాళ్ళ వరస అనుకుంటోంది. కోపం కొంచెం దిగింది. వాళ్ళు సెలవలకి వచ్చినవాళ్ళు మామ్మా, మనుషులే, అని నచ్చజెప్పాడు.

"నాకు తెలీదనుకున్నావా? చచ్చినవాళ్ళు మోకాళ్ళ నొప్పుల గురించి అంతసేపు మాట్లాడుకోరు."

"మరి ఎవర్ని పిలుస్తున్నావు?"

"మీ వెనకాల పోయేవాణ్ణి."

లాంతరు వత్తి చిటపటమంది.

ఆమె భర్త థియోడుల్‌ని లియాండర్ చిన్నప్పట్నుంచీ ఎరుగును. మనుషులంటే పడిచచ్చే మనిషి. ఈ దారిన నలుగురు పోతుంటే చాలు, తింటున్నవాడు లేచి కబుర్లు చెప్పుకుంటూ వాళ్ళ వెంట ఊరిదాకా వెళ్ళిపోయేవాడు. తొమ్మిదేళ్ళ కిందట అలాగే ఎవరి వెంటో దిగాడు. తిరిగి ఒక్కడే వస్తూ, ఈ మలుపు కింద మంచులో కూర్చుండిపోయాడు. పొద్దున్న మామ్మే చూసింది. ఆ వారమే ఈ ఇంటికి తాళం పెట్టి పై పల్లెకి మారిపోయింది.

"ఇన్నాళ్ళూ ఇక్కడే పడి ఉన్నాడు," అంది. "అప్పట్నుంచి శీతాకాలం ఈ దారిన పోయేవాళ్ళే లేరు కదా. నువ్వు తెచ్చావు మనుషుల్ని. ప్రతి శుక్రవారం మీ తోకన పడి దిగుతాడు. తిరిగొచ్చేటప్పుడు తోడుండదు. ప్రతి శుక్రవారం మా ఆయన్ని నువ్వు మళ్ళీ చంపుతున్నావురా అబ్బాయ్."

బయట వాళ్ళు కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్నారు. ఇంకెంతసేపని ఎవరో అరిచారు. చచ్చినవాడి మీద ఫిర్యాదు చెయ్యడానికి ఆఫీసు కూడా లేదే అని అతనికి ఒళ్ళు మండిపోయింది.

"నేనేం చెయ్యమంటావు?"

"ఇక్కణ్ణుంచి నువ్వు ఆఖరున నడు. వెనక్కి రమ్మని నువ్వే చెప్పు. నా మాట బతికుండగానే వినలేదు." ఆమె కోటు దగ్గరికి లాక్కుంది. "నువ్వు చెబితే నేనిక నోరెత్తను."

ఇంతేనా అనుకున్నాడు. ముసలామె మనసు కుదుటపడుతుంది, నడకా నిలబడుతుంది, ఒక్క మాట గాల్లోకి వదిలితే పోయేదేముంది?

బయటికొచ్చి, కింద కనబడే గుడిసె దీపం చూపించి, దారి తిన్నగానే ఉంది, పదండన్నాడు. లీస్‌బెత్ ముందు నడిచింది. అందరూ వెళ్ళాక అతను బయల్దేరాడు.

మంచు బిగుసుకుని ఉంది. అడుగు వేస్తే కిర్రుమంటోంది. కిర్రు... కిర్రు... తన అడుగులే.

కొంచెం దూరం పోయాక ఆగాడు.

వెనకాల— కిర్రు.

ఒక్క అడుగు. ముందున్నవాడు చెప్పకుండా ఆగితే, వెనకవాడు ఆపుకోలేక వేసే అడుగు.

లియాండర్ తల తిప్పలేదు. తిప్పమన్నా మెడ తిరిగేది కాదు. కింద నవ్వులు దూరమైపోతున్నాయి. చెప్పాల్సిన ఆ ఒక్క మాటా నోట రాలేదు. దాని బదులు, ఈ చలికాలమంతా మింగిందే బయటికి వచ్చింది.

"థియోడుల్ బాబాయ్... నువ్వు అనుకున్నట్టు కింద ఏమీ లేదు. చీజు మాడ్చేస్తాను నేను. వైను పులుపు. వీళ్ళకి పాటలు రావు, కబుర్లు రావు, ఫోన్లు చూసుకుంటారు. నీ పేరు కూడా అడగరు. నాకే వీళ్ళతో ప్రాణం విసిగిపోయింది. నువ్వెందుకు వస్తున్నావు?" ఊపిరి పీల్చుకున్నాడు. "పైన నీకోసం ఒక మనిషి ఈ చలిలో నీ కోటు వేసుకుని కూర్చుంది. ఆవిడతో మాట్లాడు. నీకు కబుర్లే కదా కావాలి."

వెనకాల ఎవరో పెద్దగా నిట్టూర్చినట్టయింది. తర్వాత... కిర్రు. కాస్త దూరంలో కిర్రు. నెమ్మదిగా, పైకి.

పిచ్చి, అంతా నా పిచ్చి, మంచు సర్దుకుంటోంది అంతే... అని తనకి తను చెప్పుకుంటూ అక్కడే నిలబడ్డాడు. నల్లమూల ఇంటి వెనక తలుపు కిర్రుమంది. ఆమె అప్పటికి గుసగుస మానేసింది. మొగుణ్ణి కసిరే పెళ్ళాం గొంతుతో, ఊరికంతా వినబడేలా అంది.

"అలాగే లోపలికి వచ్చేయకు. ముందు కాళ్ళు దులుపుకో."

గడప మీద బరువైన బూట్లు మంచు దులుపుకున్న చప్పుడు లియాండర్‌కి స్పష్టంగా వినబడింది.