ముందు మీరు పెట్టేయండి

2071 నాటికి అంబాజీపేటలో కొబ్బరి బేరం కూడా మనుషులు ఆడటం మానేశారు. ఆ పని బదులుగొంతులు చూసుకునేవి. బదులుగొంతు అంటే, యజమాని ఫోను సంభాషణలు రెండేళ్లపాటు విని, ఆయన గొంతూ, బేరమాడే తీరూ, మర్యాదా నేర్చుకుని, ఆయన తరఫున మాట్లాడే వాయిస్ ప్రాక్సీ. అవతల మాట్లాడేది కూడా ఎవరిదో బదులుగొంతే. యజమానులు హాయిగా కునుకు తీసేవారు.

లోవకుమారికి మాత్రం కునుకు లేదు. వీరభద్రం గారి కొబ్బరినూనె కంపెనీలో ఆమె కమ్యూనికేషన్ ఇంజనీరు. మూడేళ్లుగా టెలికాం, సర్వర్ల ఖర్చు ఏటా రెట్టింపవుతోంది. అమ్మే నూనె ఒక్క డబ్బా పెరగలేదు.

"ఇదిగో అమ్మాయ్, శుక్రవారంలోగా ఈ ఖర్చు సగానికి దిగకపోతే కాయ కొట్టే షెడ్డు మూసేస్తాను," అన్నారు వీరభద్రం గారు. "నలభైమంది ఆడకూతుళ్లు. నాకూ బాధే మరి."

లోవకుమారిని వాళ్లమ్మ చదివించింది ఆ షెడ్డులో కాయలు కొట్టిన కూలితోనే. బాధ ఎవరికెక్కువో ఆమెకు తెలుసు.

హెడ్‌సెట్ పెట్టుకుని పదిహేడో లైను విన్నది. ఒకటి వీరభద్రం గారి గొంతు, రెండోది తాటిపాక వ్యాపారి బుల్లెబ్బాయి గారిది.

"ఆయ్, ఉంటానండి మరి."

"మంచిదండి. పెట్టేయండి."

"అయ్యో, ముందు మీరు పెట్టేయండి."

"మీకంటే ముందు నేనెలా పెడతానండి."

బేరం నాలుగు నిమిషాల్లో తెగింది. వీడ్కోలు పదకొండు నెలలుగా సాగుతోంది. అరవై లైన్లలో యాభైరెండు ఇదే వరస. లైన్లు ఖాళీ లేక కంపెనీ కొత్తవి తీసుకుంటోంది, వాటికి కొత్త సర్వర్లు. యంత్రాల తప్పేమీ లేదు. వీరభద్రం గారు జన్మలో ముందుగా ఫోను పెట్టి ఎరుగరు. అవి శ్రద్ధగా నేర్చుకున్నాయి, అంతే.

బేరం తెగిన పది సెకన్లకు లైను తెంచేయమని ఆమె ఆదేశం ఎక్కించింది. గురువారానికి ఖర్చు మూడో వంతుకు పడిపోయింది. శుక్రవారం పొద్దున్నే ఆర్డర్లు రద్దవడం మొదలైంది. అందరి కారణం ఒకటే: మొహమ్మీదే ఫోను పెట్టేశారు. సగం నూనె కొనే బుల్లెబ్బాయి గారిదీ అందులో ఉంది. ఆయన పోతే షెడ్డు ఎలాగూ మూతే.

"మీరొకసారి మాట్లాడండి సార్," అంది లోవకుమారి.

"ఎనిమిదేళ్లయింది ఆయనతో స్వయంగా మాట్లాడి. మొహమాటంగా ఉంటాది. నువ్వే మాట్లాడమ్మా."

ఆమే ఫోను చేసింది. బదులుగొంతు కాదు, బుల్లెబ్బాయి గారే ఎత్తారు. ఆమె షెడ్డు గురించి చెప్పింది, వాళ్లమ్మ గురించి చెప్పింది.

"మా కోపం ఎంతలెండి," అన్నారాయన మెత్తబడి. "ఆర్డరు పాతదే ఉంచుతాను. మిగతావాళ్లకీ నేను చెబుతాను. ఇకమీదట ఎవరు ఫోను చేస్తే వాళ్లే ముందు పెట్టేటట్టు మన బదులుగొంతులకి నేర్పిద్దాం. అప్పుడెవరికీ చిన్నతనం లేదు."

షెడ్డు నిలబడింది. లోవకుమారి కళ్లు తుడుచుకుంది.

"చాలా మేలు చేశారండి. ఉంటానండి మరి."

"మంచిదమ్మా. చేసింది నువ్వు కదా, నువ్వే పెట్టేయ్."

"అయ్యో, పెద్దవారు. ముందు మీరు పెట్టేయండి."

"రూలు పెట్టింది మనమే కదమ్మా. పెట్టేయ్."

"మీకంటే ముందు నేనెలా పెడతానండి."

సాయంత్రం షెడ్డు ఆడవాళ్లు ఇళ్లకు వెళ్తూ ఆమె గది ముందు ఆగి, చేతులూపి వెళ్లారు. హెడ్‌సెట్ తీయకుండానే ఆమె తలూపింది. లైను మీటరు ఐదో గంటలోకి వచ్చింది.