చివరి గదిలో ఉమ్ము

ఒక ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు చివర్న ఒక ఖాళీ గది ఉండేదట. గది అనకూడదు, రోత అనాలి. తుప్పు పట్టిన మంచం, చివికిన పరుపు, ఫినాయిల్‌కీ లొంగని కంపు! దానికి తోడు రాత్రిళ్ళు లోపల్నుంచి "థూ... థూ..." అని చప్పుడు. విషం తాగి చచ్చినామె ఇంకా కక్కుతూనే ఉందని చెప్పుకునేవారు. ఊడ్చే ఆయమ్మ కూడా ఆ గడప తొక్కేది కాదు.

అలాంటి చోటికి, నర్సింగ్ చదివే ఒక బక్కపిల్ల రాత్రి మాత్రలు పంచేసి, పుస్తకం పట్టుకుని పోయింది. ఏం చేస్తుంది పాపం! తెల్లారితే ఫార్మకాలజీ, అదే మందుల పాఠాల పరీక్ష, హాస్టల్లో సంతగోల. పైగా వార్డు సిస్టర్ ముందే తెగేసి చెప్పింది — "ఇంకొక్క తప్పు చేశావో, పెట్టె సర్దుకుని ఇంటికే."

చున్నీతో ముక్కు మూసుకుని, ఫోను లైటు వేసుకుని ఆ మంచం మీదే కూర్చుంది. గుండె మందుల పాఠం. 'మోతాదు మించితే గుండె ఆగవచ్చు...' చదువుతుంటే మూడో మంచం మామ్మ గుర్తొచ్చింది. ఎన్ని మాత్రలిచ్చినా గుండెదడ తగ్గట్లేదని, పొద్దున్నే అదే మందు రెండింతలు చేసి సూది వేస్తానన్నాడు డాక్టరు.

కాలు ముడుచుకోబోతే చెయ్యి పరుపు కిందికి జారింది. తడి... జిగట... వేళ్ళకి తెల్లటి ముద్ద అంటుకుంది. యాక్! పరుపుకే తుడిచేసింది.

అంతలో బయట ఈడుస్తున్న అడుగులు —

లైటు ఆర్పేసింది. తలుపు కిర్రుమంది. ఎవరో రొప్పుతూ దగ్గరికొచ్చారు... ఇంకా దగ్గరికి...

"థూ!"

వెచ్చగా, చెంప మీద పడింది. ఛీ ఛీ ఛీ! తుడుచుకుంటూ లైటు వేసింది.

మూడో మంచం మామ్మ!

"నువ్వా పిల్లా! ష్... సిస్టర్‌కి చెప్పకే తల్లీ. ఒట్టి చేదు! బుగ్గన దాచి రోజూ ఇక్కడే, ఈ పరుపు సందులో ఉమ్మేస్తా."

"ఇందాక మింగావా అంటే ఊఁ అన్నావు కదా మామ్మా!"

"అన్నాను. నువ్వు రాసేసుకుని పోయావు. నోరు తెరవమన్నావా ఏంటి?" బోసినోటితో నవ్వింది మామ్మ.

బక్కపిల్లకి డాక్టరు మాట గుర్తొచ్చింది. ఒక్క మాత్రా ఒంటపట్టని మనిషికి పొద్దున్నే రెండింతల సూది! చెబితే తన చదువు పోతుంది. చెప్పకపోతే ఈ ముసలి ప్రాణం పోతుంది. ఉమ్ము కన్నా, మింగిందో లేదో చూడకుండా 'ఇచ్చాను' అని గీకిన తన చెయ్యే రోతగా కనిపించింది.

పరుపు ఎత్తింది. కంపు గుప్పుమంది. సగం కరిగి, వెంట్రుకలు అంటుకుని, పురుగులు ముసిరిన మాత్రలు... కళ్ళు మూసుకుని గుప్పెట నిండా తీసుకుంది.

"ఎక్కడికే?" అంది మామ్మ, భయంగా.

బక్కపిల్ల తిన్నగా సిస్టర్ బల్ల దగ్గరికి వెళ్ళి, గుప్పెట విప్పింది.

"సిస్టర్... ఇవి నేను ఇచ్చానని రాసిన మాత్రలు."