పదకొండు రోజుల రోకలిబండ

కలకత్తా ఉత్తరం వచ్చిన ప్రతి సోమవారం శ్రీనివాస్‌కు ఒళ్లు మండేది. సిద్దిపేట కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అసిస్టెంట్ గనుక టపా తీసుకునేదీ అతనే, స్వరాజ్యం చేతికి అందించేదీ అతనే. కవరు వెనక డాక్టర్ అనిమేష్ అన్న పేరు, ముద్దొచ్చే గుండ్రటి అక్షరాల్లో.

"ఏమంటుండు మీ డాక్టరు?"

"మా డాక్టరేంది? రోకలిబండ పురుగుల గురించి ఆయనకు తెలిసినంత ఎవ్వరికి తెల్వదు."

"తెల్వకుంటె మాకేం అన్నం అరగదా?"

స్వరాజ్యం నవ్వేసి ఉత్తరంలో మునిగిపోయింది. డిగ్రీలో ఇద్దరూ ఒకే క్లాసు. తర్వాత ఆమె పరిశోధనకని హైదరాబాద్ వెళ్లింది, అతను ఇక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు ఫెలోషిప్ మీద పురుగుల కోసం ఆమె మళ్లీ ఈ ల్యాబ్‌కే వచ్చింది.

ఈ వానాకాలం కొమురవెల్లి గుట్ట కింద, కుళ్లిన సీతాఫలం ఆకుల్లో ఆమెకో బుల్లి రోకలిబండ దొరికింది. బియ్యపు గింజలో సగం ఉంటుంది. ఏ పుస్తకంలోనూ లేదు. కొత్త జాతి అని లోకానికి చెప్పాలంటే మాత్రం మగది కావాలి. మగదానికి ఏడో కణుపు దగ్గర ఒక జత కాళ్లు కొక్కేల్లా వంకర తిరిగి ఉంటాయి, జాతిని తేల్చేది అవే. దొరికినవన్నీ ఆడవే. మగది దొరికితే కలకత్తా పట్టుకురమ్మని, పరిశోధనా పత్రం కలిసి రాద్దామని అనిమేష్ ఉత్తరం రాశాడు. ఆమె ఫెలోషిప్ దసరాతో సరి.

ఆదివారాలు ఇద్దరూ బస్సెక్కి వెళ్లి ఆకుల్ని తెల్లగుడ్డ మీద జల్లెడ పట్టేవాళ్లు. ఒక ఆదివారం సన్నటి తుంపరలో ఆమె గొడుగు కింద కూర్చుని ఆ ఉత్తరమే మళ్లీ చదువుకుంటోంది. అప్పుడే శ్రీనివాస్ భూతద్దం కింద కొక్కేలు కనిపించాయి. గుండె ఎగిరి గంతేసింది. ఆమె వైపు చూశాడు. ఉత్తరం చదువుతూ నవ్వుతోంది. స్పిరిట్ సీసాలో పురుగును వేసి, జేబులో పెట్టుకుని, "ఏం లేదు" అన్నాడు.

తర్వాతి రోజుల్లో ఆమె టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. వానలు వెనకబట్టాయి, ఆకులు ఎండిపోయాయి. గురువారం మధ్యాహ్నం ఆమె మైక్రోస్కోప్ మీద గుడ్డ కప్పేసి, తన వల్ల కాలేదని డాక్టర్‌కు రాసేస్తానంది. సంతోషిస్తాననుకున్న శ్రీనివాస్‌కు ఆమెను అలా చూడబుద్ధి కాలేదు. సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

చూసి ఏడ్చేసింది. కళ్లు తుడుచుకుని చిన్న కాగితం ముక్క, నల్లసిరా పెన్ను తీసింది. పురుగుతో పాటు సీసాలో ఎప్పటికీ ఉండే లేబుల్ అది. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరికి. వందేళ్ల తర్వాత చూసేవాడు కూడా దాన్నే నమ్ముతాడు.

"తేదీ చెప్పు."

నిన్ననో మొన్ననో అనేస్తే పోయేది. ఆమె పెన్ను పట్టుకుని చూస్తుంటే అబద్ధం నోట రాలేదు.

"సెప్టెంబర్ పదిహేను."

"అంటె పదకొండు దినాలు నీ జేబుల్నే ఉన్నదా? ఎందుకు?"

"గిది దొరికితె నువ్వు ఆయన దగ్గరికి పోతవ్. నేను గీడ గ్లాసులు కడుక్కుంట ఉంట. ఓర్వలేకపోయిన."

ఆమె ముఖం ఎర్రబడింది. చెంప మీద పడుతుందనుకుని అతను తల వంచుకున్నాడు.

"పురుగునెందుకు దాస్తవ్? నన్ను అడగరాదా?"

"అడిగితె పోకుంట ఉంటవా?"

"ఉండ. గది నా పని, పోతనే."

అదే తేదీ రాసింది. దొరికించుకున్నవారి పేరు దగ్గర శ్రీనివాస్ అని రాసి, సిరా ఆరేదాకా ఊదింది.

"పదిహేను దినాలల్ల వస్త. అంతల మా బాపును అడుగు. గీ మాట గూడ దాచిపెట్టుకుంట తిరిగినవనుకో, మల్ల నీతోని మాట్లాడ."

సోమవారం ఆమెను బస్సెక్కించాడు. అనిమేష్ మీద మంట ఇంకా చల్లారలేదు. అయినా బస్సు మలుపు తిరగకముందే అతను ఆమె తండ్రి వెంకటనర్సయ్య ఇంటి దారి పట్టాడు.