పంతొమ్మిది అతుకులు

"ఆమెను గుద్దిన వ్యానుకి నంబరు ప్లేటు లేదు," అన్నాడు చీఫ్. "అది ప్రమాదం కాదు మాస్టారూ. హత్య."

మాస్టారు తల ఊపాడు. ఏడేళ్లు ఒక బడిలో లెక్కల మాస్టారి వేషంలో ఉండి గూఢచారి పని చేశాడు. ఆఫీసులో ఆ పిలుపే నిలిచిపోయింది. చనిపోయినది అతని అక్క. పదిహేను రోజులైంది.

అక్క మ్యూజియంలో పాత ఫిల్ములు బాగుచేసేది. చంద్రుడి మీద దిగిన నౌక కిటికీకి బిగించిన కెమెరా తీసిన రీలు పదకొండేళ్లు ఆమె చేతిలోనే ఉంది. ఇవాళ పదకొండు గంటలకి దాన్ని మ్యూజియం హాల్లో వేస్తారు. టీవీలో లైవ్.

"ఒక విదేశీ ముఠా దానికి నకిలీ తయారుచేసింది. ఫ్రేము ఫ్రేముకీ కాపీ. మధ్యలో ఎనిమిది సెకన్లు మాత్రం వాళ్ల సొంతం. చంద్రుడి నేలని ఒకడు చీపురుతో ఊడుస్తుంటాడు. పైన స్టూడియో లైటు."

"లైవ్‌లో అది పడితే?"

"యాత్రంతా బూటకమని లోకం నమ్ముతుంది. ఆ వెంటనే టీవీలో ఇది చదువుతారు." చీఫ్ ఒక కాగితం ముందుకు జరిపాడు.

అచ్చం అక్క చేతిరాత. 'ఇన్నాళ్లూ నిజం దాచాను. క్షమించండి.'

మాస్టారు దాన్ని మడిచి బల్ల మీద పెట్టాడు. మళ్లీ విప్పలేదు.

"ఆవిడ బతికుంటే నకిలీని చిటికెలో పట్టేసేది. అందుకే చంపారు. ఈ రీలు పడిందంటే అబద్ధాలకోరుగా మిగిలిపోతుంది." చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ మా మామగారు కూడా హాలుకి వస్తున్నాడు. చంద్రుడి ఫొటోల్లో ఆకాశంలో ఒక్క నక్షత్రమైనా లేదేమిటోయ్ అని రోజూ భోజనం దగ్గర నా ప్రాణం తీస్తాడు."

"ఎండలో మెరిసే నేలకి తగ్గట్టు కెమెరా అమర్చితే, మినుకుమనే నక్షత్రాలు ఫిల్ము మీద పడవు."

"నువ్వే చెప్పు బాబూ. అల్లుడి మాట ఎవరు వింటారు?"

ప్రొజెక్టర్ గది తాళం చేతికిచ్చాడు. "ఇది తప్ప వేరే తాళం లేదు. ముఠాలో మనకో మనిషి ఉంది. పేరు నెమలి. టీవీ యాంకరు. మన మనిషే, వాళ్ల మనిషి కూడా. ఇవాళ ఎవరి పక్షమో ఆ దేవుడికే తెలియాలి."

ఆయుధాల విభాగం వాళ్లు అతని చొక్కాకి కొత్త గుండీ ఒకటి కుట్టారు. తిప్పితే ఫ్లాష్ వెలుగుతుంది. ఒక్కసారే.

పది గంటల యాభై రెండు. ఖాకీ బట్టలు, అంటించిన మీసంతో మాస్టారు ప్రొజెక్టర్ పక్కన నిలబడ్డాడు. ఇనుప తలుపు, హాలువైపు చిన్న అద్దం కిటికీ, రీళ్లు చుట్టే బల్ల, దాని మీద దూది చేతితొడుగులు. అవి అక్కవి. బొటనవేలి దగ్గర ఒక చిల్లు. తనే కత్తిరించుకుంది. "పంతొమ్మిది చోట్ల తెగిందిరా తమ్ముడూ, పంతొమ్మిది చోట్ల అతికాను," అనేది. "మొదటిది కొస నుంచి మూరెడు దూరంలోనే ఉంటుంది. చీకట్లోనైనా వేలికి తగులుతుంది."

తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"దుమ్ము లేచిందా?" ఆడగొంతు. సంకేతం అదే.

"లేచింది. గాల్లో నిలవలేదు."

నెమలి లోపలికి వచ్చింది. ఆకుపచ్చ పట్టుచీర, ఖరీదైన సెంటు, భుజాన పెద్ద బ్యాగు. "ఆలస్యమైపోయింది. నీకు తాళం ఇవ్వకముందే నకిలీని ఎక్కించేశారు. అసలుది కొట్టేసి తెచ్చాను. మార్చెయ్."

బ్యాగులోంచి డబ్బా తీసింది. అదే లేబులు, అదే సీలు. మాస్టారు భూతద్దంతో రెండు రీళ్లూ చూశాడు. గీతలు ఒకటే. అతుకుల గుర్తులు కూడా ఒకటే.

"నమ్మవా?"

"నమ్మక చేసేదేముంది?"

ప్రొజెక్టర్ మీది రీలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె తెచ్చినది ఎక్కించాడు. కొస పట్టుకుని పళ్లచక్రాల మీదుగా లాగుతుండగా హాల్లో దీపాలు ఆరాయి. ఈ గది దీపమూ ఆ స్విచ్చుదే. చిమ్మచీకటి. ఇంకా రెండు నిమిషాలు.

మూరెడు ఫిల్ము అతని బొటనవేలి కింద జారింది. ఇంకో మూర. నున్నగా ఉంది. అతుకు బొమ్మ ఉంది, అతుకు లేదు. ముఠావాళ్లు కంటికి కనిపించినదంతా కాపీ చేశారు.

ఎడమచెయ్యి చాచి బల్ల మీది రీలు కొస తడిమాడు. మూరెడు దూరంలో చిన్న గట్టు. అక్క పెట్టిన గట్టు. అతని వేలు అక్కడ ఒక్క క్షణం ఎక్కువే ఆగింది.

"ఏం చేస్తున్నావ్?" అంది నెమలి.

"చిక్కు పడింది."

పిస్తోలు క్లిక్‌మంది. "చిక్కు నీకు పడింది. తాళం నీ దగ్గరుంది కాబట్టి నీ చేత్తోనే మార్పిద్దామనుకున్నాం. మీ అక్కకీ ఇలాగే ఆఖర్న అర్థమైంది. మోటారు వెయ్యి."

"వేస్తాను," అంటూ మాస్టారు కళ్లు గట్టిగా మూసుకుని గుండీ తిప్పాడు.

గది తెల్లగా భగ్గుమంది. నెమలి కెవ్వుమని కాల్చింది. తూటా వెళ్లి డబ్బా మూతకి తగిలింది. కళ్లతో పని ఆమెకే. అతనికి వేళ్లు చాలు. పిస్తోలు లాగేశాడు. నకిలీ రీలు విప్పి, ఆ చీపురు సినిమాతోనే ఆమె చేతుల్ని బల్ల కాలికి కట్టేశాడు.

"కళ్లు! నా కళ్లు!"

"గంటలో వస్తాయి. మా అక్క రాదు."

హాల్లో జనం పైకే లెక్కపెడుతున్నారు. ఐదు... నాలుగు... కొస దొరికింది. మూడు... పళ్లచక్రం పట్టింది. రెండు... ఫిల్మును పట్టి ఉంచే గేటు మూసుకుంది.

ఒకటి.

తెర మీద బూడిదరంగు నేల. ఒక బూటు అడుగేసింది. దుమ్ము లేచి, విల్లులా వంగి, మబ్బు కట్టకుండా టక్కున పడింది. పట్టి ఉంచడానికి అక్కడ గాలి లేదు.

అతుకు దాటినప్పుడల్లా బొమ్మ కొద్దిగా అదిరింది. మాస్టారు పంతొమ్మిదీ లెక్కపెట్టాడు. ఆ తర్వాతే మీసం పీకేశాడు.

చెవిలో దాచిన రేడియోలో చీఫ్ గొంతు వినిపించింది. "శభాష్! ఆ ఉత్తరం ఇక చెత్తకాగితం. చివర్లో తెర మీద మీ అక్క పేరు పడింది, చూశావా?"

"చూశాను."

"లోకాన్ని కాపాడావు గానీ మాస్టారూ, నన్ను కాపాడలేకపోయావు. మా మామగారు ఇప్పుడే లేచి నిలబడ్డాడు. ఇదంతా సెట్టింగే, కాకపోతే సెట్టు ఊడ్చేవాణ్ని మాత్రం కెమెరాకి కనబడకుండా దాచేశారు అంటున్నాడు."